పొడవాటి హ్యాండిల్ తీసేసి క్లిప్-ఆన్‌లు: ప్రాజెక్టు డైరీ

కొనకముందు

బండి పాత నేకెడ్ సింగిల్, అంటే ముందు గాలి తొడుగు లేని, ఒకే సిలిండర్ ఇంజన్ ఉన్న మోటార్‌సైకిల్. ముందు 41 మి.మీ. ఫోర్కులు, వాటిపైన 760 మి.మీ. వెడల్పున్న ఒకే ముక్క హ్యాండిల్. ట్రాఫిక్‌లో దానికి వంక పెట్టలేం. వేగం 90 దాటితేనే గొడవ. గాలంతా ఛాతీకి కొడుతుంది, చేతులతో హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంటుంది. ముందు చక్రం మీద బరువు కూడా తక్కువే అనిపిస్తుంది. కాస్త ముందుకు, కాస్త కిందికి వంగి కూర్చునేలా చేయాలన్నదే ఈ ప్రాజెక్టు. రేసు బండిని తయారుచేయాలన్న ఆశ లేదు.

క్లిప్-ఆన్ అంటే రెండు విడి ముక్కలు. ఒక్కోటి ఒక్కో ఫోర్క్ గొట్టాన్ని క్లాంపుతో పట్టుకుంటుంది. దీనికి బదులు క్లబ్‌మన్ బార్ పెట్టుకోవచ్చు. అది కిందికి వంగిన ఒకే ముక్క పైపు, ఉన్న రైజర్లలోనే (హ్యాండిల్‌ని పట్టుకునే దిమ్మెలు) కూర్చుంటుంది, హెడ్‌లైట్ జోలికి వెళ్లక్కర్లేదు. దాని గురించి కూడా ఆలోచించాను. కానీ ఆ పైపు ముందుకు వెళ్లి, దిగి, మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ఆ వంపులన్నీ మీటర్లు, కేబుళ్లు ఉన్న చోటే పడతాయి. ఎత్తు, కోణం, వెడల్పు విడివిడిగా మార్చుకునే వీలూ లేదు. అందుకే వదిలేశాను.

ఎంత కిందికి దించాలో ఫొటోలు చూసి తేల్చుకోకూడదు. ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బండిని స్టాండు మీంచి దించి, ఎవరినైనా వెనక నుంచి పట్టుకోమని, మామూలుగా కూర్చుని కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టాలి. చేతులతో ఫోర్క్ గొట్టాల పక్కన, క్లిప్-ఆన్ వస్తుందనుకున్న ఎత్తులో కాసేపు పట్టుకుని ఉండాలి. ఇంకాస్త నమ్మకం కావాలంటే, 22 మి.మీ. లావు కర్ర ముక్కల్ని ఆ ఎత్తులో టేపుతో కట్టి పట్టుకోవచ్చు. బండి పట్టుకున్న స్నేహితుడు "ఇంకొంచెం దించరా, అప్పుడే లుక్ వస్తుంది" అంటూనే ఉన్నాడు. లుక్ సంగతి నిజమే. కానీ ఫోర్కుల్ని పట్టుకుని ఉండే పై టీ కంటే కిందికి చేతులు వెళ్లగానే నా మోచేతులు నిటారుగా బిగుసుకుపోయాయి. శరీరం బరువు మణికట్ల మీదికి వచ్చింది. అదే పై టీ ఎత్తులో, లేదా ఒక వేలు మందం పైన పట్టుకుంటే మోచేతులు వదులుగా ఉన్నాయి. నా ఫుట్‌రెస్టులు పాతకాలం పద్ధతిలో ముందుకు ఉన్నాయి. కాళ్లు ముందుకు, చేతులు కిందికి అయితే మనిషి నడుము దగ్గర మడత పడతాడు. రేర్‌సెట్లు (వెనక్కి, పైకి జరిపిన ఫుట్‌రెస్టులు) లేకుండా మరీ కిందికి దించితే ఆ నొప్పి నడుముకే తెలుస్తుంది. కాబట్టి 50 మి.మీ. రైజ్ ఉన్న రకమే, అంటే క్లాంపు కంటే పైపు అంత ఎత్తులో ఉండేదే ఖాయం చేశాను. దాని క్లాంపు టీ కింద పట్టుకుంటుంది, చేయి టీ బయటి అంచు పక్కగా పైకి వస్తుంది.

వెర్నియర్ పట్టుకున్న సాయంత్రం

మాన్యువల్‌లో 41 అని ఉన్నా, క్లాంపు ఎక్కడ పడుతుందో అక్కడే కొలవాలి. గొట్టం అంతటా ఒకే లావు ఉంటుందన్న నమ్మకం లేదు. నాది పై టీ కింద 40.97 వచ్చింది, రెండు వైపులా అంతే. తిరగేసిన ఫోర్కులు (లావు గొట్టం పైన, సన్నది కింద) ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటికి బండి కాగితాల్లో రాసేది సాధారణంగా లోపలి గొట్టం సైజు, క్లాంపు పట్టేది బయటి గొట్టాన్ని.

పెద్ద క్లాంపు తెచ్చుకుని మధ్యలో రేకు పెట్టి సరిపెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. బ్రేక్ వేసినప్పుడు నా బరువంతా ఆ పట్టు మీదే ఆగాలి.

క్లిప్-ఆన్‌ని టీ పైన బిగించాలా, కింద బిగించాలా అన్నది చాలామందికి లుక్ విషయంలా కనిపిస్తుంది. నా ఫోర్క్ గొట్టాలు పై టీకి దాదాపు సమానంగా ఆగిపోయాయి. పైన బిగించాలంటే గొట్టాలను టీలలోంచి కనీసం 30 మి.మీ. పైకి లాగాలి. ఫోర్క్ వాలి ఉంది కాబట్టి బండి ముందు భాగం దాదాపు 27 మి.మీ. దిగిపోతుంది. 1400 మి.మీ. వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) మీద అది ఒక డిగ్రీ పైనే. నా బండి రేక్ (ఫోర్క్ వెనక్కి వాలిన కోణం) 26 డిగ్రీల నుంచి 25 కంటే కొంచెం తక్కువకు వస్తుంది, ట్రెయిల్ (స్టీరింగ్ గీత నేలని తాకే చోటుకీ టైరు తాకే చోటుకీ మధ్య దూరం) సుమారు 7 మి.మీ. తగ్గుతుంది. హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది నిజమే, కానీ వేగంలో బండి నిలకడ కూడా ఆ మేరకు పోతుంది. సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు మడ్‌గార్డ్ కింది టీకి తగులుతుందా అన్న టెన్షన్ ఒకటి. చేతులు ఎక్కడ పెట్టాలన్న సమస్యకి బండి నడకనే మార్చేయడం అనవసరం. కింద బిగించడమే ఖాయం.

కింద బిగించాలంటే అక్కడ చోటుండాలి. రెండు టీల మధ్య 165 మి.మీ. ఉంది, కానీ హెడ్‌లైట్ బ్రాకెట్లు ఆ గొట్టాల్ని పై నుంచి కింది దాకా కప్పేశాయి. క్లాంపుకి 40 మి.మీ. కావాలి. కాబట్టి పొట్టి బ్రాకెట్లు కూడా జాబితాలో చేరాయి.

కోణం లెక్క

ఈ ప్రాజెక్టు మొత్తంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. క్లిప్-ఆన్ వివరాల్లో "7 డిగ్రీల వాలు", "10 డిగ్రీల వాలు" అని రాసి ఉంటుంది. ఆ అంకె ఫోర్క్ గొట్టానికి లంబంగా ఉన్న గీత నుంచి కొలిచింది. ఫోర్క్ మాత్రం నిటారుగా లేదు, 26 డిగ్రీలు వెనక్కి వాలి ఉంది. క్లిప్-ఆన్‌ని ఫోర్క్ చుట్టూ వెనక్కి తిప్పిన కొద్దీ దాని చివర వెనక్కి మాత్రమే పోదు, కిందికి కూడా దిగుతుంది.

నా చేతులకు హాయిగా అనిపించిన వెనక వంపు సుమారు 20 డిగ్రీలు. లెక్క వేస్తే, సున్నా వాలు అని అమ్మే క్లిప్-ఆన్ కూడా ఆ స్థితిలో నేలతో పోలిస్తే 8, 9 డిగ్రీలు వాలిపోతుంది. 7 డిగ్రీలది 15 అవుతుంది. 10 డిగ్రీలది దాదాపు 18. మణికట్టు బయటికి మెలిపడే స్థితి అది. చాలామంది "క్లిప్-ఆన్‌లు చేతులు విరిచేస్తాయి" అనేది ఎత్తు వల్ల కాదు, ఈ వాలు వల్లేనని నా గట్టి అనుమానం.

ఈ వాలుకి మణికట్టుతో పాటు ఇంకో బాధితుడు ఉన్నాడు, ముందు బ్రేక్ మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టేది). దాన్ని బార్ చుట్టూ తిప్పి ముందుకీ వెనక్కీ సమానం చేయొచ్చు. బార్ పక్కకి వాలిన వాలుని మాత్రం ఎంత తిప్పినా తీయలేం. నా ఆయిల్ డబ్బా పొడవు 60 మి.మీ. బార్ 15 డిగ్రీలు వాలితే ఆ చివరకీ ఈ చివరకీ ఎత్తులో 15 మి.మీ. పైగా తేడా వస్తుంది. ప్యాడ్లు అరిగి ఆయిల్ కొంచెం దిగగానే, పై వైపున్న రంధ్రం గాల్లో తేలొచ్చు. రేసు బండ్లకి డబ్బా విడిగా, గొట్టంతో పైకి పెట్టడానికి ఇదో కారణం. సున్నా వాలు రకంతో నాకు తేడా 9 మి.మీ. దగ్గరే ఉంది, ఆయిల్ ఎప్పుడూ పై గీత దగ్గర ఉంచుకుంటే పాత డబ్బాతోనే నడుస్తుంది. సున్నా వాలు, 50 మి.మీ. రైజ్. ఇంక వెతకలేదు.

రకం విషయంలో మరో మాట. క్లాంపు, పైపు విడివిడిగా ఉండే రకం తీసుకున్నాను. బండి పడితే వంగేది పైపు, అదొక్కటే మార్చుకోవచ్చు. ఒకే పోతలో వచ్చే రకానికి ఆ వీలు లేదు. క్లాంపు రెండు ముక్కలుగా విడిపోతుంది కాబట్టి ఫోర్కుల్ని టీలోంచి దించాల్సిన పని తప్పింది. పూర్తి రింగు రకం అయితే ముందు చక్రం, కాలిపర్, మడ్‌గార్డ్ అన్నీ ఊడదీసి గొట్టాల్ని కిందికి జార్చాలి. పైపు పొడవు కూడా చూసుకోవాలి. గ్రిప్ ఒక్కటే 120 మి.మీ. పైన తింటుంది, ఆ తర్వాత స్విచ్ బాక్సు, లివర్ పట్టు. నా పైపులు 260 ఉన్నాయి, సరిపోయాయి.

పార్సిల్ వచ్చిన వారాంతం

మొదట ట్యాంకు మీద మందపాటి దుప్పటి. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది, పాత హ్యాండిల్ జారినా అదే గతి. మాస్టర్ సిలిండర్ని హోస్ తీయకుండానే విప్పి, నిటారుగా ఉండేలా తాడుతో వేలాడదీశాను. ఇప్పుడే బ్రేక్ హోస్ తెరవాల్సిన పని లేదు, ముందు అంతా ఉత్తుత్తిగా అమర్చి చూడాలి.

గొట్టాలనీ క్లాంపు లోపలి భాగాన్నీ బ్రేక్ క్లీనర్‌తో తుడిచాను. అక్కడ గ్రీజు, నూనె ఏమీ ఉండకూడదు. బోల్టులు చేత్తో బిగించి, స్విచ్ బాక్సులు, లివర్లు వదులుగా తగిలించి, హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పాను. క్లిప్-ఆన్ సరైందో కాదో తేలేది ఇక్కడే. నేరుగా ఉన్నప్పుడు ఏదైనా బాగానే ఉంటుంది. పూర్తిగా తిప్పినప్పుడు గ్రిప్‌కీ ట్యాంకుకీ మధ్య గ్లవ్ వేసుకున్న బొటనవేలు దూరాలి. ఎడమవైపు ఇబ్బంది లేదు. కుడివైపు యాక్సిలరేటర్ కేబుల్ మెడ ట్యాంకుని గీరేంత దగ్గరకి వచ్చింది. స్విచ్ బాక్సుని ఇంకాస్త ముందుకు తిప్పితే మెడ పైకి లేచి తప్పుకుంది.

అలా కూడా తప్పకపోతే స్టీరింగ్ స్టాపర్ల దగ్గర లోహం పెంచి తిరిగే కోణాన్ని తగ్గించేవాళ్లు ఉన్నారు. చేయొచ్చు. కానీ యూ-టర్న్‌కి చోటు ఎక్కువ కావాలి, పైగా తాళంతో వేసే హ్యాండిల్ లాక్ పిన్ను దాని రంధ్రం దాకా చేరకపోవచ్చు. ముందు కోణాలన్నీ ప్రయత్నించాకే దాని జోలికి వెళ్లాలి.

రెండు వైపులూ సమానంగా ఉన్నాయో కంటితో చెప్పలేం. స్టీరింగ్ నట్ మధ్య నుంచి ఒక్కో పైపు చివరికి టేపు పెట్టి కొలిచాను, తర్వాత సీటు వెనక మధ్య బోల్టు నుంచి మళ్లీ కొలిచాను. ఎత్తుకి, క్లాంపు పై అంచుకీ టీ అడుగుకీ మధ్య ఒకే మందం రేకు దూర్చి చూశాను. సమానం అయ్యాక ఫోర్క్ మీద, క్లాంపు మీద కలిసేలా మార్కర్‌తో సన్నటి గీత గీశాను. తర్వాత క్లాంపు జారిందో లేదో ఆ గీత చెబుతుంది.

డ్రిల్లింగ్

స్విచ్ బాక్సు లోపల చిన్న పిన్ను ఉంటుంది, అది బార్‌లోని రంధ్రంలో కూర్చుని బాక్సు తిరగకుండా ఆపుతుంది. కొత్త పైపులకి రంధ్రాలు లేవు. ఆ పిన్నుని ఆకురాయితో అరగదీసేయడం సులువే. కానీ కుడివైపు యాక్సిలరేటర్ ఉంది. బాక్సు తిరిగితే కేబుల్ లాగుతుంది. అక్కడ సులువు చూసుకోకూడదు.

రంధ్రం మాత్రం అన్నింటికంటే ఆఖరి పని. కోణాలు తేలాక, లివర్లు వేళ్లకి నేరుగా అందుతున్నాయని చూసుకున్నాక, పైపు మీద మాస్కింగ్ టేపు వేసి, పిన్ను కొసకి కొంచెం పెయింట్ అద్ది బాక్సుని నొక్కితే చుక్క పడింది. సెంటర్ పంచ్, సన్నటి బిట్, తర్వాత పిన్నుకి సరిపడే బిట్. లోపలి అంచుల్ని గుండ్రటి ఆకురాయితో నున్నగా చేశాను. రంధ్రం క్లాంపు అంచుకి దూరంగానే వచ్చింది. వంపు బలం ఎక్కువ పడేది అక్కడే కాబట్టి, దగ్గరగా వచ్చి ఉంటే లివర్‌నీ బాక్సునీ చోటు మార్చేవాణ్ణి.

కేబుళ్లు, హోస్

చేతులు కిందికి, ముందుకు వచ్చాయి కాబట్టి కేబుళ్లన్నీ మిగిలిపోయాయి. మిగిలిన కేబుల్‌ని హెడ్‌లైట్ ముందు పెద్ద వంపుగా వదిలేస్తే పని చేయదని కాదు. కానీ హ్యాండిల్ తిప్పినప్పుడు ఆ వంపు ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది, లేదా మడత పడి క్లచ్ బరువెక్కుతుంది. క్లచ్ కేబుల్‌ని 100 మి.మీ. పొట్టిదానితో మార్చాను. యాక్సిలరేటర్ కేబుళ్లు రెండూ ట్యాంకు కింద కాస్త చుట్టు తిరిగేలా దారి మారిస్తే సరిపోయాయి.

బ్రేక్ హోస్ పొడవుని తాడుతో కొలిచాను. ముందు చక్రాన్ని నేల మీంచి లేపి, ఫోర్క్ పూర్తిగా సాగినప్పుడు, హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పి. అప్పుడు కూడా కొంచెం వదులు మిగలాలి. బండి నేల మీద ఉండగా కొలిస్తే హోస్ పొట్టిదైపోతుంది. స్టీల్ అల్లిక హోస్, కొత్త రాగి వాషర్లు, ఒక్కో బాంజోకి (హోస్ చివర బోల్టు దూరే రింగు) రెండు చొప్పున. పాత వాషర్లు ఒకసారి నలిగినవే, మళ్లీ వాడను. డాట్ 4 ఆయిల్ పోసి కాలిపర్ దగ్గర గాలి తీశాక కూడా లివర్ స్పాంజిలా ఉంది. బార్ వాలు వల్ల మాస్టర్ సిలిండర్‌లో బాంజో వైపే ఎత్తుగా ఉంది, గాలి అక్కడే ఆగుతుంది. గుడ్డ చుట్టి, లివర్ నొక్కి పట్టి, బాంజో బోల్టుని పావు చుట్టు వదులు చేసి, లివర్ వదలకముందే బిగించేశాను. అలా చేస్తే ఆ గాలి బయటికి వచ్చి లివర్ గట్టిపడింది.

వైరింగ్‌లో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జిప్ టైలు ఫోర్క్‌కి బిగుతుగా వేయకుండా వైర్లు జరిగేలా వదిలాను.

బిగింపు

క్లాంపు మీద 9 న్యూటన్ మీటర్లు అని చెక్కి ఉంది. రెండు బోల్టుల్ని మార్చి మార్చి, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో. రెండు ముక్కల మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. "ఇంకొంచెం బిగిస్తే భయం ఉండదు" అనుకుంటే అల్యూమినియం మరలు పోతాయి, గొట్టం గుండ్రం కూడా దెబ్బతినొచ్చు.

బార్ చివర బరువులు పెట్టేటప్పుడు యాక్సిలరేటర్ గొట్టానికీ బరువుకీ మధ్య ఒకటి రెండు మి.మీ. సందు వదిలాను. ఆనుకుంటే వదిలిన యాక్సిలరేటర్ వెనక్కి రాదు. ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. ఆర్‌పీఎం కదల్లేదు. ఎక్కడైనా పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం, అలాంటి బండి గేటు దాటకూడదు.

రోడ్డు మీద

నడక వేగంలో స్టీరింగ్ బరువెక్కింది, ఇది లెక్కకి అందేదే. గ్రిప్ మధ్య నుంచి స్టీరింగ్ మధ్యకి ఇదివరకు 320 మి.మీ., ఇప్పుడు 265. అంతే మలుపుకి చేయి 20 శాతం ఎక్కువ బలం పెట్టాలి. పార్కింగ్‌లో, గుంతల మధ్య ఇది తెలుస్తుంది. 40, 50 వేగంలో మణికట్ల మీద బరువు ఉంటోంది. మోకాళ్లతో ట్యాంకు గట్టిగా పట్టుకుంటే సగం తగ్గుతోంది. 80 దాటాక గాలి ఛాతీని మోస్తుంది, చేతులు తేలికైపోతాయి. నేను కోరుకున్నది అదే, వచ్చింది. మలుపులో ముందు టైరు ఏం చేస్తోందో ఇదివరకటి కంటే స్పష్టంగా తెలుస్తోంది.

వైబ్రేషన్ మాత్రం పెరిగింది. పాత హ్యాండిల్ రబ్బరు బుష్‌ల మీద కూర్చునేది, ఇది నేరుగా లోహం మీద లోహం. 4,500 ఆర్‌పీఎం దగ్గర బార్ చివర అద్దాల్లో వెనక బండి రెండుగా కనిపించేది. అల్యూమినియం బరువులు తీసి ఉక్కువి పెట్టాక ఆ కంపనం ఇంకా తక్కువ ఆర్‌పీఎం దగ్గరకి జరిగింది. పోలేదు, కానీ నేను ఎక్కువసేపు నడిపే వేగంలో లేదు.

మొదటి రైడ్ తర్వాత బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూశాను, మార్కర్ గీతలు కలిసే ఉన్నాయి. హెడ్‌లైట్ బ్రాకెట్లు మారాయి కాబట్టి గోడ ముందు నిలబెట్టి వెలుతురు ఎత్తు సరిచేశాను. పై టీలో రైజర్లు పోయిన రంధ్రాలు నోరు తెరుచుకుని ఉన్నాయి, వాటికి మూతలు రావాలి. హ్యాండిల్ మార్పుకి రిజిస్ట్రేషన్, బీమా నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఎవరివి వాళ్లు ముందే కనుక్కోవడం మేలు.

తర్వాతి పని ఫుట్‌రెస్టులు. 40 మి.మీ. పైకి, 80 మి.మీ. వెనక్కి జరిపితే నడుము మడత విప్పుకుంటుందని అంచనా. గేర్ లింకేజీ రాడ్ సైలెన్సర్‌కి తగలకుండా దారి దొరుకుతుందో లేదో అట్టముక్కతో చూడటం మొదలుపెట్టాను.